మైదానంలో తేలే పోటీ, ఆకాశంలో తేలని పోటీ

1965 డిసెంబర్ 15. భూమికి దాదాపు 300 కిలోమీటర్ల ఎత్తున జెమినీ 6, జెమినీ 7 అనే రెండు అమెరికన్ వ్యోమనౌకలు ఎదురెదురుగా వచ్చి నిలిచాయి. మనుషులున్న రెండు నౌకలు కక్ష్యలో అంత దగ్గరకి రావడం అదే మొదటిసారి. ఒక దశలో వాటి మధ్య అడుగు దూరమే ఉంది. చంద్రుడి దగ్గరికి వెళ్ళాలంటే ముందు రావాల్సిన విద్య ఇదే, కాబట్టి కింద కంట్రోల్ రూమ్‌లో ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో ఊహించుకోండి. సరిగ్గా అప్పుడు జెమినీ 6 కిటికీలో ఒక అట్ట కనిపించింది. దాని మీద ‘బీట్ ఆర్మీ’ అని రాసి ఉంది.

ఆ అట్ట పెట్టింది వాలీ షిరా. ఆయనా, ఆయన పక్కన కూర్చున్న టామ్ స్టాఫర్డ్, ఎదుటి నౌకలోని జిమ్ లోవెల్, ముగ్గురూ అనాపొలిస్‌లోని నేవీ అకాడమీలో చదివినవాళ్ళు. నాలుగో మనిషి ఫ్రాంక్ బోర్మన్ ఒక్కడే ఆర్మీ అకాడమీ అయిన వెస్ట్ పాయింట్ నుంచి వచ్చాడు. ఆటపట్టించింది ఆయన్నే. అంతకు దాదాపు మూడు వారాల ముందు జరిగిన ఆర్మీ, నేవీ ఫుట్‌బాల్ మ్యాచ్ 7–7తో ఎటూ తేలకుండా ముగిసింది మరి, ఆ ఉక్రోషం అంతరిక్షం దాకా వెళ్ళింది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ‘ఆర్మీ’ అని ఆటపట్టించబడిన బోర్మన్ నిజానికి ఎయిర్‌ఫోర్స్ ఆఫీసరు. నేవీ పక్షం వహించిన స్టాఫర్డ్ కూడా ఎయిర్‌ఫోర్స్ ఆఫీసరే! అంటే ఇద్దరూ ఒకే యూనిఫామ్ వేసుకునేవాళ్ళు, కానీ ఫుట్‌బాల్ దగ్గరకి వచ్చేసరికి ప్రత్యర్థులు. ఈ ఒక్క ముడి విప్పితే అమెరికా సైనిక అకాడమీల పోటీ ఏమిటో, అది ఫుట్‌బాల్‌లో ఒకలాగా విమానాల విషయంలో ఇంకోలాగా ఎందుకు నడిచిందో అర్థమవుతుంది. అందుకే ఈ వ్యాసం.

ముందు ఈ అకాడమీలంటే ఏమిటో చెప్పుకోవాలి. న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున 1802లో పెట్టిన వెస్ట్ పాయింట్ ఆర్మీది. మేరీల్యాండ్‌లోని అనాపొలిస్‌లో 1845లో పెట్టింది నేవీది. కొలరాడో స్ప్రింగ్స్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ వీటి ముందు చిన్నపిల్ల, దాని చట్టం మీద సంతకం పడింది 1954లో. మూడూ నాలుగేళ్ళ డిగ్రీ కాలేజీలే. ఫీజు ఉండదు, బదులుగా చదువు కాగానే ఆఫీసరుగా కనీసం ఐదేళ్ళు పనిచేయాలి. పైలట్ అయితే ఆ గడువు ఇంకా పెరుగుతుంది, ఎయిర్‌ఫోర్స్‌లో శిక్షణ పూర్తయ్యాక పదేళ్ళు. మామూలు అమెరికన్ కాలేజీల్లో మంచి ఫుట్‌బాల్ ఆటగాడు ప్రొఫెషనల్ లీగ్ వైపు చూస్తూ ఆడతాడు. వీళ్ళలో దాదాపు అందరికీ కాలేజీ ఆఖరి మ్యాచే జీవితంలో ఆఖరి మ్యాచ్, ఆ తర్వాత ఓడ, ట్యాంకు, కాక్‌పిట్. ఈ మ్యాచ్‌ని అంత ప్రాణంగా ఎందుకు చూస్తారో అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి. (ఫుట్‌బాల్ అంటే ఇక్కడ మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతితో, హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే ఆట.)

మన దగ్గర పద్ధతి వేరు. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న నేషనల్ డిఫెన్స్ అకాడమీలో మూడు దళాల క్యాడెట్లూ మూడేళ్ళు ఒకే చోట ఉంటారు, ఒకే మెస్‌లో తింటారు. తర్వాతే ఆర్మీ వాళ్ళు డెహ్రాడూన్‌కి, నేవీ వాళ్ళు ఎళిమలకి, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు మన హైదరాబాద్ పక్కనున్న దుండిగల్‌కి వెళ్తారు. అందుకే ఆర్మీ కాలేజీకీ నేవీ కాలేజీకీ మధ్య ఇన్నేళ్ళ పోటీ అంటే మనకి కొంచెం వింతగా అనిపిస్తుంది. అమెరికాలో మొదటి రోజు నుంచే వేరు కుంపట్లు. కాబట్టి ఇరుపక్షాల కుర్రాళ్ళు మొదటిసారి ఒకరినొకరు గట్టిగా చూసుకునేది మైదానంలోనే.

ఆ మొదటి చూపు 1890 నవంబర్ 29న, వెస్ట్ పాయింట్ పరేడ్ మైదానంలో. నేవీ అప్పటికే కొన్నేళ్ళుగా ఆడుతోంది, వెస్ట్ పాయింట్‌లో మాత్రం ఆట తెలిసినవాళ్ళే అరుదు. డెనిస్ మైకీ అనే క్యాడెట్, అక్కడి ప్రొఫెసర్ కొడుకు, పట్టుబట్టి జట్టు కట్టాడు. నేవీ 24–0తో చిత్తుగా ఓడించింది. ఏడాది తిరిగేసరికి ఆర్మీ బదులు తీర్చుకుంది. మైకీ ఎనిమిదేళ్ళ తర్వాత, 1898లో, క్యూబా యుద్ధంలో చనిపోయాడు. వెస్ట్ పాయింట్ స్టేడియానికి ఈరోజుకీ ఆయన పేరే ఉంది.

1893 నాటికే వేడి చేయి దాటింది. ఆ ఏడాది మ్యాచ్ తర్వాత ఒక జనరల్, ఒక అడ్మిరల్ ద్వంద్వ యుద్ధం దాకా వెళ్ళబోయారని చెప్పుకుంటారు. ఆ కథ సంగతి ఎలా ఉన్నా, ప్రభుత్వం దిగి మ్యాచ్‌ని ఆపేయించిన మాట మాత్రం నిజం. మళ్ళీ 1899లో, ఎవరి ఊరూ కాని ఫిలడెల్ఫియాలో మొదలైంది. అక్కడి నుంచి అదే ఈ మ్యాచ్‌కి అలవాటైన వేదిక.

కానీ 1893 మ్యాచ్‌లో నన్ను కట్టిపడేసే మనిషి జోసెఫ్ రీవ్స్ అనే నేవీ కుర్రాడు. తలకి ఇంకొక్క దెబ్బ తగిలితే ప్రాణమైనా పోవచ్చు, మతైనా పోవచ్చు అని డాక్టరు హెచ్చరించాడు. ఆట మానడం ఇష్టం లేక, అనాపొలిస్‌లో చెప్పులు కుట్టే ఒకాయన దగ్గరికి వెళ్ళి తలకి టోపీలాంటిది కుట్టించుకుని మైదానంలోకి దిగాడు. ఫుట్‌బాల్ హెల్మెట్ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా అక్కడి నుంచే మొదలుపెడతారు. నాకు మాత్రం ఆయన జీవితంలో రెండో సగం ఇంకా ముఖ్యం. 1925లో, 52 ఏళ్ళ వయసులో, విమానాల గురించి కొత్తగా నేర్చుకుని, లాంగ్లీ అనే నౌక మీద నేవీ విమాన దళానికి అధిపతి అయ్యాడు. లాంగ్లీ అమెరికా మొదటి విమాన వాహక నౌక, అప్పటికి దాన్ని ఎక్కువమంది ఒక ప్రయోగంగానే చూసేవాళ్ళు. రీవ్స్ వచ్చి పైలట్లని కూర్చోబెట్టి ఇన్ని విమానాలే ఎందుకు, ఇంత ఆలస్యం ఎందుకు అని ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. ఒక విమానం దిగి, దాన్ని పక్కకి తప్పించి, రెండోది దిగే లోపు పట్టే సమయాన్ని కోసుకుంటూ వెళ్ళాడు. 1929 విన్యాసాల్లో సారటోగా నౌకని మిగతా దళం నుంచి విడదీసి, చీకట్లో వేగంగా నడిపించి, తెల్లవారుజామున పనామా కాలువ మీదికి విమానాలు పంపి ‘దాడి’ చేయించాడు. రక్షణలో ఉన్నవాళ్ళు ఆశ్చర్యపోయారు. వాహక నౌక సొంతంగా యుద్ధం చేయగలదని నేవీకి గట్టిగా చూపించిన సందర్భం అది.

ఇక ఆకాశం సంగతి. మైదానంలో తగవు అరవై నిమిషాల్లో తేలిపోతుంది. ఆకాశంలో అలా కాదు, ఎందుకంటే అక్కడ ప్రశ్న ఎవరు గెలిచారన్నది కాదు, విమానం అసలు ఎవరి సొత్తు అన్నది. సముద్రం మీద ఎగిరేది నేవీదా? నేల మీద సైనికుడికి సాయంగా ఎగిరేది ఆర్మీదా? లేక ఎగిరేదంతా ఒకే దళం చేతిలో ఉండాలా? ఈ ప్రశ్న వెనక బడ్జెట్ ఉంది, ఉద్యోగాలున్నాయి, పరువుంది.

1921 జూలైలో ఆర్మీ జనరల్ బిల్లీ మిచెల్ మనుషులు, పట్టుబడిన జర్మన్ యుద్ధనౌక ఆస్ట్‌ఫ్రీస్‌లాండ్‌ని బాంబులేసి ముంచేశారు. యుద్ధనౌకల కాలం చెల్లిందని మిచెల్ వాదన. నిలబెట్టి ఉన్న నౌకని ముంచడం గొప్పా అని నేవీ వాళ్ళు. ఇద్దరి మాటలోనూ నిజముంది. నాలుగేళ్ళ తర్వాత పై అధికారులనే బహిరంగంగా తిట్టినందుకు మిచెల్‌ని సైనిక కోర్టులో విచారించి దోషిగా తేల్చారు. అదే 1925 అక్టోబర్‌లో ఇంకో తమాషా జరిగింది. బాల్టిమోర్‌లో ష్నైడర్ ట్రోఫీ పోటీ, నీటి మీద దిగే విమానాల పందెం, అంటే నేవీ సొంత ఇలాకా. నేవీ విమానాలు ఇంజిన్ దెబ్బతిని తప్పుకుంటే, ఆర్మీ లెఫ్టినెంట్ జిమ్మీ డూలిటిల్ గంటకి 374 కిలోమీటర్ల సగటు వేగంతో గెలిచాడు. ఆర్మీ మనిషి నీళ్ళ మీద నేవీని ఓడించడం! డూలిటిల్ ఏ అకాడమీలోనూ చదవలేదు, ఆ మాట చెప్పుకోవాలి, ఆకాశంలో పోటీ అకాడమీల గోడలు దాటి దళాల మధ్యకి పాకింది. పదిహేడేళ్ళ తర్వాత, 1942 ఏప్రిల్ 18న, అదే డూలిటిల్ నాయకత్వంలో 16 ఆర్మీ బాంబర్లు నేవీ వాహక నౌక హార్నెట్ మీది నుంచి లేచి జపాన్ మీదికి వెళ్ళాయి. నౌక మీదున్న కొద్దిపాటి జాగాలోంచి అంత పెద్ద విమానాన్ని లేపడం ఆర్మీ పైలట్లకి నేర్పింది హెన్రీ మిల్లర్ అనే నేవీ లెఫ్టినెంట్, అనాపొలిస్ మనిషి.

యుద్ధం అయిపోయాక 1947 సెప్టెంబర్ 18న ఎయిర్‌ఫోర్స్ ఆర్మీ నుంచి విడిపోయి సొంత దళమైంది. తగవు తీరలేదు సరికదా, అప్పుడే ముదిరింది. 1948లో కీ వెస్ట్‌లో దళాధిపతులు కూర్చుని ఎవరి పని ఏమిటో పంచుకున్నారు: దూరాన ఉన్న శత్రువు మీద బాంబులేసే పెద్ద పని ఎయిర్‌ఫోర్స్‌ది, నేవీకి దాని విమానాలు దానికి ఉంటాయి, ఆర్మీకి చిన్నా చితకా విమానాలు. మరుసటి ఏడాది నేవీ ఆశలన్నీ పెట్టుకున్న పెద్ద వాహక నౌక ‘యునైటెడ్ స్టేట్స్’ పని మొదలైన ఐదు రోజులకే, 1949 ఏప్రిల్ 23న, రక్షణ మంత్రి దాన్ని రద్దు చేశాడు. డబ్బు ఎయిర్‌ఫోర్స్ బాంబర్ బీ-36కి పోతోందని నేవీ అడ్మిరళ్ళు అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ ముందుకి వెళ్ళి బాహాటంగా ఎదురు తిరిగారు. చరిత్రలో దీన్ని ‘అడ్మిరళ్ళ తిరుగుబాటు’ అంటారు.

వాళ్ళకి జవాబు చెప్పడానికి వచ్చిన జనరల్ ఒమర్ బ్రాడ్లీ వెస్ట్ పాయింట్ మనిషి. ఆయన ఏ భాషలో మాట్లాడాడో చూడండి: సొంతంగా ఎత్తులు చెప్పే అవకాశం ఇస్తే తప్ప లైన్‌లోకి దూకి గట్టిగా ఢీకొట్టని షోకు ఆటగాళ్ళకి ఇది సమయం కాదని అన్నాడు. అణుబాంబుల కాలంలో, దేశ రక్షణ మీద, అమెరికా పార్లమెంటు కమిటీ ముందు, ఒక జనరల్ అడ్మిరళ్ళని తిట్టడానికి వెతుక్కున్న మాటలు ఫుట్‌బాల్ మాటలు. ఆ ఆట వాళ్ళకి ఒళ్ళు విరుచుకునే కాలక్షేపం కాదు, ఎదుటివాడు ఎలాంటివాడో తూచే కొలబద్ద. బ్రాడ్లీ అన్నది న్యాయమని నేను అనుకోను. అడ్మిరళ్ళు అడిగింది తమ గొప్ప కోసమే కాదు, వాహక నౌక అవసరం నిజంగానే ఉంది. మరుసటి ఏడాది 1950లో కొరియా యుద్ధం వచ్చినప్పుడు, జూలై మొదటి వారంలోనే వ్యాలీ ఫోర్జ్ అనే వాహక నౌక నుంచి లేచిన విమానాలు ప్యాంగ్యాంగ్ మీద దాడి చేశాయి. ఆ తర్వాత కొత్త వాహక నౌకలకి డబ్బు వచ్చింది.

ఆర్మీ సంగతి కూడా చెప్పేస్తే ఆకాశం పంపకం పూర్తవుతుంది. 1966లో ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ అధిపతులు ఒప్పందం రాసుకున్నారు. ఆర్మీ తన కారిబూ రవాణా విమానాలని ఎయిర్‌ఫోర్స్‌కి ఇచ్చేసింది, బదులుగా యుద్ధభూమిలో హెలికాప్టర్లు ఆర్మీ చేతిలోనే ఉంటాయని ఎయిర్‌ఫోర్స్ ఒప్పుకుంది. మీరు ఆర్మీ, నేవీ మ్యాచ్ టీవీలో చూస్తే ఈ ఒప్పందాలన్నీ కళ్ళకి కనిపిస్తాయి. ఆట మొదలవడానికి ముందు స్టేడియం మీదుగా ఆర్మీ తరఫున హెలికాప్టర్లు వెళ్తాయి, నేవీ తరఫున జెట్ ఫైటర్లు వెళ్తాయి. ‘ఆర్మీకి ఫైటర్ జెట్లు లేవా?’ అని కొత్తగా చూసేవాళ్ళు అడుగుతుంటారు. లేవు. ఎందుకు లేవో పైన చెప్పుకున్నాం.

ఇప్పుడు బోర్మన్, స్టాఫర్డ్‌ల ముడి. ఎయిర్‌ఫోర్స్ పుట్టింది 1947లో, దాని అకాడమీ నుంచి మొదటి బ్యాచ్ బయటికొచ్చింది 1959లో. ఈ మధ్యకాలంలో కొత్త దళానికి ఆఫీసర్లు ఎక్కడి నుంచి రావాలి? వెస్ట్ పాయింట్ నుంచీ అనాపొలిస్ నుంచీ, ఒక్కో బ్యాచ్‌లో నాలుగో వంతు దాకా ఎయిర్‌ఫోర్స్‌లో చేరనిచ్చారు. చంద్రుడి మీదికి వెళ్ళిన బజ్ ఆల్డ్రిన్, ఆయన కోసం కక్ష్యలో కాచుకున్న మైఖేల్ కాలిన్స్, ఇద్దరూ వెస్ట్ పాయింట్‌లో చదివి ఎయిర్‌ఫోర్స్‌లో చేరినవాళ్ళే. ఉద్యోగం మారింది, జెండా మారింది, కానీ పద్దెనిమిదేళ్ళప్పుడు ఏ స్టాండ్‌లో నిలబడి గొంతు పోయేలా అరిచారో అది మాత్రం మారలేదు. అంతరిక్షంలో స్టాఫర్డ్ నేవీ మనిషి అయింది అందుకే.

ఈ రెండు ప్రపంచాలూ కలిసిన మనుషుల్లో నాకు బాగా నచ్చేది డాక్ బ్లాంచర్డ్. 1944, 45, 46లలో ఒక్క మ్యాచ్ కూడా ఓడని ఆర్మీ జట్టులో గ్లెన్ డేవిస్‌తో పాటు ఆడాడు. 1945లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్నిటికంటే పెద్ద అవార్డు హైస్మన్ ట్రోఫీ బ్లాంచర్డ్‌కి, మరుసటి ఏడాది డేవిస్‌కి. బ్లాంచర్డ్ ఫైటర్ పైలట్ అయ్యాడు. 1959లో ఇంగ్లండ్‌లో తన బేస్‌కి తిరిగి వస్తుంటే జెట్‌లో మంటలు లేచాయి. పారాచూట్‌తో దూకేయొచ్చు, కానీ కింద ఊరుంది. దూకకుండా, మండుతున్న విమానాన్ని అలాగే తీసుకొచ్చి రన్‌వే మీద దించాడు. హైస్మన్ కంటే ఇది పెద్ద సంగతని నా అభిప్రాయం.

ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఆలస్యంగా వచ్చినా మైదానంలో కుదురుకోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మొదటి బ్యాచ్ ఇంకా పట్టా పుచ్చుకోక ముందే, 1958 సీజన్‌లో వాళ్ళ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. 1959లో ఆర్మీతో మొదటిసారి ఆడి 13–13తో సమానంగా నిలిచింది. వాళ్ళ స్టేడియం సముద్ర మట్టానికి 6,621 అడుగుల ఎత్తున ఉంటుంది, కింద నుంచి వచ్చిన జట్లకి నాలుగో క్వార్టర్‌లో ఆయాసం మొదలవుతుంది. 1972 నుంచి మూడు అకాడమీలూ ఒకరితో ఒకరు ఆడి, ఇద్దరినీ ఓడించినవాళ్ళు కమాండర్-ఇన్-చీఫ్ ట్రోఫీ తీసుకుంటారు. అధ్యక్షుడి చేతుల మీదుగా వైట్‌హౌస్‌లో ఇస్తారు. ముగ్గురూ తలా ఒకటి గెలిస్తే ట్రోఫీ పాతవాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. ఇన్నేళ్ళలో దాన్ని ఎక్కువసార్లు ఎత్తుకుపోయింది చిన్నపిల్ల అనుకున్న ఎయిర్‌ఫోర్సే. అయినా డిసెంబర్‌లో అందరూ ఆగి చూసేది మాత్రం ఆర్మీ, నేవీ మ్యాచే. ఎయిర్‌ఫోర్స్ వాళ్ళకి ఇది కొంచెం బాధగానే ఉంటుంది, ఉండాలి కూడా, గెలుపు ఒకటి, వందేళ్ళు దాటిన పాత పగ ఇంకొకటి.

ఈ మూడు జట్ల ఆట మిగతా కాలేజీల ఆటలా ఉండదు. సైనికుడికి బరువు పరిమితులుంటాయి కాబట్టి ముందు వరుసలో మిగతా కాలేజీల్లా భారీ మనుషుల్ని నిలబెట్టడం కష్టం. అందుకని ట్రిపుల్ ఆప్షన్ అనే పాత ఎత్తుగడని కాపాడుకుంటూ వచ్చారు. ఎదుటి జట్టులో ఒక మనిషిని కావాలనే అడ్డుకోకుండా వదిలేస్తారు. క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని ఆట నడిపించేవాడు, అతను ఎటు కదులుతాడో చూస్తాడు, దాన్నిబట్టి బంతి మధ్యలోంచి దూసుకెళ్ళేవాడికి ఇవ్వాలా, తనే పట్టుకుని పరుగెత్తాలా, పక్కనున్నవాడికి విసరాలా అన్నది అర సెకనులో తేల్చుకోవాలి. బలం లేని చోట నిర్ణయాన్ని ఆయుధం చేసుకోవడం ఇది. చూసేవాళ్ళకి గాల్లో తేలే పొడవాటి పాస్‌లు తక్కువగా కనిపిస్తాయి, బోర్ అంటారు కొందరు. నాకైతే ప్రతి ఆటలోనూ ఆ అర సెకను చూడ్డమే ఇష్టం.

అన్నీ గొప్పలే కాదు. ఎదుటి అకాడమీ జంతువుల్ని ఎత్తుకుపోవడం ఒక పాత అలవాటు. నేవీకి మేక, ఆర్మీకి కంచరగాడిద, ఎయిర్‌ఫోర్స్‌కి డేగ. 1953లో వెస్ట్ పాయింట్ క్యాడెట్లు నేవీ మేకని ఎత్తుకొస్తే అప్పటి అధ్యక్షుడు ఐసన్‌హోవర్ స్వయంగా వెనక్కి పంపించమన్నాడు. ఆయనా ఒకప్పుడు వెస్ట్ పాయింట్ ఆటగాడే, 1912లో మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయింది. మేక కథ దాకా నవ్వుకోవచ్చు. 2018లో మాత్రం వెస్ట్ పాయింట్ వాళ్ళు ఎత్తుకుపోయిన అరోరా అనే 22 ఏళ్ళ ముసలి డేగ రెక్కలకి గాయాలయ్యాయి. అది కోలుకుంది, కానీ మూగజీవాన్ని హింసించడం సరదా ఎలా అవుతుంది? ఆ పని తప్పే.

మన తెలుగువాళ్ళకి ఇందులో ఒక దగ్గరి దారి ఉంది. వ్యోమగామి రాజా చారి తండ్రి హైదరాబాద్ నుంచి అమెరికాకి చదువుకోవడానికి వెళ్ళారు. కొడుకు అయోవాలో పెరిగి, 1999లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ నుంచి బయటికొచ్చి, ఎఫ్-15 నడిపాడు. టెస్ట్ పైలట్ శిక్షణ తీసుకున్నది ఎక్కడో తెలుసా, మేరీల్యాండ్‌లోని నేవీ స్కూల్లో. 2021 నవంబర్‌లో ఆయన కమాండర్‌గా అంతరిక్ష కేంద్రానికి వెళ్ళిన నలుగురిలో కేలా బారన్ ఒకరు, ఆమె అనాపొలిస్ పట్టభద్రురాలు, సబ్‌మెరైన్ ఆఫీసరు. 2022 మార్చి 15న చారి, బారన్ ఇద్దరూ కలిసి బయటికొచ్చి, ఒకరి పనికి ఒకరు ఆసరాగా దాదాపు ఏడు గంటలు అంతరిక్షంలో పనిచేశారు.

ఈ డిసెంబర్ రెండో శనివారం మీరు మ్యాచ్ చూస్తే, మొదలవడానికి ముందు ‘ఖైదీల మార్పిడి’ జరుగుతుంది, అది వదలొద్దు. ఒక సెమిస్టర్ పాటు ఎదుటి అకాడమీలో చదివిన పిల్లల్ని మైదానం మధ్యలో ఒకరికొకరు అప్పగించుకుంటారు. ఇంకో మాట, ఆట ముగిశాక వెంటనే టీవీ కట్టేయకండి. రెండు జట్లూ కలిసి ముందు ఓడిన అకాడమీ విద్యార్థుల స్టాండ్ దగ్గరికి నడుస్తాయి. అక్కడ వాళ్ళ కాలేజీ పాట మొదలవుతుంది, గెలిచినవాళ్ళు కూడా పక్కనే నిశ్శబ్దంగా నిలబడతారు. పాడుతున్న కుర్రాళ్ళలో కొందరి కళ్ళలో నీళ్ళుంటాయి. తర్వాత అందరూ అవతలి స్టాండ్ వైపు నడుస్తారు, ఇప్పుడు గెలిచినవాళ్ళ పాట. అందుకే ఆ ఏడాదంతా రెండు అకాడమీల్లోనూ విద్యార్థులు కోరుకునేది ఒక్కటే, మన పాట రెండోది కావాలి అని.